అటాచ్ చేశారు సరే, తర్వాత?

పేపర్లో కోట్ల ఆస్తులు అటాచ్ చేశారన్న, అంటే కేసు తేలేదాకా అమ్ముకోకుండా ఆపేశారన్న వార్త లేని వారం ఈ మధ్య కనిపించడం లేదు. ఒకరోజు కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ, ఇంకోరోజు రాష్ట్ర పోలీసుల సీఐడీ, గంజాయి కేసులు పెరిగాక జిల్లా పోలీసులు కూడా. మొన్న చదివిన వార్తా అలాంటిదే. గంజాయి రవాణా నడిపే ఒక వ్యక్తి పేరు మీద, అతని భార్య, బావమరిది పేర్ల మీద ఉన్న ఇల్లు, స్థలాలు, బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ క్లిప్పింగ్ పెడితే అందరూ మెచ్చుకున్నారు. “జైల్లో పెడితే బెయిల్ మీద వచ్చేస్తారు, ఆస్తి లాగేస్తే గానీ బుద్ధి రాదు” అని మా పెద్ద మావయ్య రాశాడు. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ మా పిన్ని ఒక్క ప్రశ్న అడిగింది. “అలా లాగేసినవి తర్వాత ఏమవుతాయిరా?”

పిన్ని ఊరికే అడగలేదు. ఆమె బీరువాలో ఒక డిపాజిట్ కంపెనీ బాండ్లు ఏళ్లుగా పడి ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి నెలనెలా డబ్బు కట్టించుకున్న ఏజెంటు ఎవరో కాదు, ఆమె పక్కింటావిడ. కంపెనీ మూతపడ్డాక ఆవిడ ఊళ్లో తలెత్తుకోలేక కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కంపెనీ ఆస్తులు అటాచ్ అయ్యాయని పేపర్లో వచ్చిన రోజు పిన్ని గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత ఎప్పుడు కబురొచ్చినా అది జిరాక్స్ కాపీల కోసమే. బాండు కాపీ, ఆధార్ కాపీ, పాస్‌బుక్ కాపీ.

నేరం చేసి కూడబెట్టిన ఆస్తిని లాక్కోవాలా వద్దా అన్న విషయంలో నాకు సందేహం లేదు. లాక్కోవాలి. ఎప్పుడు లాక్కోవాలి, లాక్కున్నది ఎవరి చేతికి చేరాలి, ఎంత కాలంలో చేరాలి అన్నవే నన్ను తొలుస్తున్న ప్రశ్నలు. వీటిని విడివిడిగా చూడటం వల్లే మన చట్టాలు తొందరపడాల్సిన చోట నిద్రపోతున్నాయని, ఆగాల్సిన చోట తొందరపడుతున్నాయని నాకు అనిపిస్తుంది.

కూలీకి జైలు, ఓనరుకు మేడ

ముందు ఆస్తుల జప్తు ఎందుకు అవసరమో చెబుతాను. విశాఖ మన్యంలోని జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు నుంచి గంజాయి సరుకు కిందికి దిగేటప్పుడు ఎవరు దొరుకుతారు? మూట మోసినవాడు, బండి నడిపినవాడు, ముందు బైకు మీద దారి చూస్తూ వెళ్లిన కుర్రాడు. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. ఆ మూట మోసినందుకు అతనికి దక్కేది కొన్ని వేల రూపాయలు. సరుక్కి పెట్టుబడి పెట్టినవాడు ఆ ఘాట్ రోడ్డు మీద కాలు కూడా పెట్టడు. అతని పేరు కేసులోకి వచ్చినా ‘పరారీలో ఉన్నాడు’ అన్న చోట ఆగిపోతుంది.

ఎర్రచందనం కథ ఇంతకన్నా ఘోరం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన పేదలు. ఆ కాల్పుల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, చనిపోయినవాళ్లలో దుంగలు ఓడ ఎక్కించే స్థాయి మనిషి ఒక్కడూ లేడన్నది మాత్రం అందరికీ తెలుసు. కూలీ పోతే ఇంకో కూలీ వస్తాడు. పెట్టుబడి పోతే మాత్రం వ్యాపారం ఆగుతుంది. అందుకే మనిషిని కాకుండా డబ్బును వెంబడించే చట్టం పేదవాడి పక్షాన ఉన్న చట్టమని నా నమ్మకం. కూలీ దగ్గర అటాచ్ చేయడానికి ఏమీ ఉండదు. ఆస్తి వెతకడం మొదలుపెట్టిన పోలీసు తప్పనిసరిగా పైకి చూడాల్సి వస్తుంది.

ఈ చట్టాలు కొత్తవేమీ కావు. స్మగ్లర్ల ఆస్తుల మీద 1976లోనే చట్టం వచ్చింది. మాదకద్రవ్యాల చట్టంలో ఆస్తుల జప్తు కోసం 1989లో ఒక అధ్యాయమే చేర్చారు. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసులో అరెస్టయినవాడి ఆస్తుల్ని పోలీసు అధికారి స్తంభింపజేయవచ్చు. నెలలోపు కాంపిటెంట్ అథారిటీ, అంటే అందుకోసం నియమించిన అధికారి, దాన్ని ఖరారు చేయాలి, లేకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఆస్తి సక్రమంగానే సంపాదించానని నిరూపించుకోవాల్సింది నిందితుడే. అరెస్టుకు ఆరేళ్ల ముందు కొన్నదాని జోలికి వెళ్లకూడదు. కేసు కొట్టేస్తే ఆస్తి విడిచిపెట్టాలి. చదివితే బాగానే ఉంది కదా. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టినప్పుడు టీవీలన్నీ చూపించాయి. అంత సరుకు వెనక ఎంత పెట్టుబడి ఉండాలి? పెట్టినవాళ్ల ఇళ్లు, పొలాలు, అపార్టుమెంట్లు ఎక్కడో ఉండే ఉంటాయి. పొగ చూపించడం తేలిక. లింకు డాక్యుమెంట్లు తిరగేసి, బినామీ పేర్లు పట్టుకోవడం ఓపిక పని. ఆంధ్రలో మత్తుమందుల నిరోధానికి ఈగల్ అనే పోలీసు విభాగం ఏర్పడ్డాక ఈ ఓపిక పని కొంత మొదలైంది. అది ఆగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పదేళ్ల తాళం

ఇక పిన్ని అడిగిన ప్రశ్న. జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకుని తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్ సంగతి తెలుగువాళ్లకు మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. సుమారు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్ల రూపాయలు. 2015 నాటికే కేసు సీఐడీ చేతిలో ఉంది. డిపాజిటర్ల రక్షణ కోసం 1999లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం కింద ప్రభుత్వం ఆస్తుల్ని జీవోలిచ్చి అటాచ్ చేసింది. హైకోర్టు పర్యవేక్షణలో వేలాలు మొదలయ్యాయి, అనుకున్నట్టు సాగలేదు. ఆస్తులన్నీ ఒక్కసారే తీసుకుంటామని ముందుకొచ్చిన పెద్ద సంస్థ 2018లో వెనక్కి తగ్గింది. 2020 డిసెంబరులో ఈడీ దిగి 4,100 కోట్ల పైన విలువ చేసే ఆస్తుల్ని మనీలాండరింగ్ చట్టం (నేరపు సొమ్మును సక్రమంగా చూపించడాన్ని అరికట్టే చట్టం) కింద అటాచ్ చేసింది. అదే కంపెనీ ఆస్తుల మీద అప్పటికే ఒక తాళం ఉంది. ఇప్పుడు రెండోది పడింది. ఒకటి రాష్ట్రం చేతిలో, ఒకటి కేంద్రం చేతిలో.

ఈలోగా 2019లో పదివేల లోపు డిపాజిటర్లకు, 2021లో ఇరవై వేల లోపు వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు ఇచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే, చాలా ఇళ్లల్లో ఆ డబ్బు అక్కరకొచ్చింది. కానీ అది నేరం చేసినవాళ్ల ఆస్తి అమ్మితే వచ్చిన సొమ్ము కాదు. మనందరి పన్ను. దోచుకున్న ఆస్తి తాళం వెనక భద్రంగా ఉండగా, నష్టపరిహారం మాత్రం ఏ సంబంధమూ లేని జనం జేబులోంచి వెళ్లింది.

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు అనుమతితో, అటాచ్ చేసేనాటికి 3,339 కోట్ల విలువున్న ఆస్తుల్ని ఈడీ తిరిగి అప్పగించింది. వాటి మార్కెట్ ధర ఇప్పుడు 6,000 కోట్ల పైనే అని ఈడీ చెప్పింది. జూన్‌లో మరికొన్ని వదిలింది. ఈ పని జరగడానికి పనికొచ్చింది 2018లో మనీలాండరింగ్ చట్టంలో చేర్చిన ఒక చిన్న వాక్యం. విచారణ ముగియకముందే, న్యాయమైన హక్కు ఉన్నవాళ్లకు ఆస్తి తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. చాలా మంచి మార్పు. కాకపోతే, ‘తిరిగి అప్పగించింది’ అంటే డిపాజిటరు చేతికి అని కాదు, రాష్ట్రానికి. అక్కడి నుంచి మళ్లీ విలువ కట్టాలి, వేలం వేయాలి, పంచాలి.

ఇక్కడ ఒక ఎదురు మాట ఉంది, దాన్ని దాటవేయలేను. ఆలస్యం వల్ల నష్టమేముంది, భూముల ధర పెరిగింది కదా అంటారు. 2015లోనే హడావుడిగా అమ్మి ఉంటే సగం కూడా వచ్చేది కాదు. నిజమే. అటాచ్‌మెంటే లేకపోతే ఆ భూములు ఎప్పుడో చేతులు మారిపోయేవి కూడా. అటాచ్‌మెంట్ ఆస్తిని కాపాడుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ భూమి ధర పెరుగుదల ఆ పదేళ్లూ బతకాల్సిన మనిషికి అన్నం పెట్టదు. కూతురి పెళ్లి కోసం దాచిన ముప్పై వేలు కంపెనీలో ఇరుక్కుంటే ఆ తల్లి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. పదేళ్లకు వడ్డీయే 72 వేలు. ఆమెకు అసలు ముప్పై వేలు ఇప్పుడు ఇచ్చినా, భూమి ధర పెరిగిన లాభం ఆమెకు రాదు, కట్టిన వడ్డీ తిరిగి రాదు. డబ్బు రాకముందే కన్నుమూసిన వాళ్ల వారసులు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

ఎదురుచూసే మనిషి ఉన్న ఆస్తి

నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదీ. జప్తు కేసుల్లో ఆస్తులు రెండు రకాలు. ఒకదాని వెనక అసలు హక్కుదారు నిలబడి ఉంటాడు. డిపాజిట్ కట్టినవాడు, ప్రీ-లాంచ్ పేరుతో ఫ్లాటుకు డబ్బిచ్చి మోసపోయినవాడు, లోను ఎగ్గొట్టించుకున్న బ్యాంకు. రెండోదాని వెనక అలాంటి మనిషి ఎవరూ ఉండరు. గంజాయి డబ్బు, లంచం డబ్బు, స్మగ్లింగ్ డబ్బు. అది నిందితుడిదైనా కావాలి, ప్రభుత్వానిదైనా కావాలి.

మొదటి రకంలో శిక్ష పడేదాకా ఆగడం అన్యాయం. రెండో రకంలో శిక్ష పడేదాకా ఆగకపోవడం అన్యాయం. ఆస్తిని అమ్మకుండా ఆపడం మాత్రం రెండింటిలోనూ వెంటనే జరగాలి, లేకపోతే మిగిలేది ఖాళీ ఖాతాలే. ఆ తర్వాత దారులు వేరవ్వాలి. హక్కుదారు ఉన్న చోట కోర్టు త్వరగా పంచాలి. ప్రభుత్వం తప్ప ఎవరూ అడగని చోట ప్రభుత్వం ఓపిక పట్టాలి. తీర్పు ఆలస్యమైతే ప్రభుత్వానికి వడ్డీ భారం పడదు, పిల్ల పెళ్లి ఆగదు.

ఈ మాట నా అడ్వకేటు మిత్రుడితో అంటే గట్టిగా అభ్యంతరపెట్టాడు. “నేరమని కోర్టు తేల్చకముందే కంపెనీ ఆస్తి ఎలా పంచుతావ్? రేపు డైరెక్టర్లు నిర్దోషులని తీర్పొస్తే?” అన్నాడు. దీని గురించి చాలా ఆలోచించాను. డిపాజిట్ కేసుల్లో నేరం తేలడం వేరు, బాకీ తేలడం వేరు. మోసం చేయాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది క్రిమినల్ కోర్టు తేలుస్తుంది, దానికి ఏళ్లు పడుతుంది. కానీ కంపెనీ తన సంతకంతో ఇచ్చిన బాండు ఉంది, అందులో అంకె ఉంది, ఆ గడువు దాటిపోయింది. డైరెక్టర్లు నిర్దోషులైనా ఆ బాకీ చెరిగిపోదు. కాబట్టి ఆ ఆస్తి అమ్మి డిపాజిటరుకు ఇస్తే ఎవరికీ అన్యాయం జరగదు. మిత్రుడు దీన్ని కొంత ఒప్పుకుని ఇంకో చిక్కు చూపించాడు. అదే భూమి మీద బ్యాంకుకు తనఖా ఉంటుంది, ఉద్యోగుల జీతాల బకాయి ఉంటుంది, పన్ను బకాయి ఉంటుంది. ముందెవరికి? ఇది నిజంగా పీటముడే. నా మటుకు చిన్న డిపాజిటరే ముందు. బ్యాంకు లోను ఇచ్చే ముందు లీగల్ ఒపీనియన్ తీసుకోగలదు, వాల్యుయేషన్ చేయించుకోగలదు. మా పిన్నికి ఉన్న లీగల్ ఒపీనియన్ అల్లా పక్కింటావిడ మాటే.

క్రిమినల్ కేసులు నడిపే విధానం మీద 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 107వ సెక్షన్ ఈ విషయంలో పెద్ద అడుగు. ఇప్పుడు ఏ నేరంలోనైనా దర్యాప్తు అధికారి ఎస్పీ అనుమతితో కోర్టుకు వెళ్లి, నేరం ద్వారా వచ్చిన ఆస్తిని అటాచ్ చేయమని అడగవచ్చు. జవాబు చెప్పుకోవడానికి 14 రోజుల నోటీసు. అది నేరపు సొమ్మే అని కోర్టు తేలిస్తే, నష్టపోయినవాళ్లకు దామాషాలో పంచమని కలెక్టరుకు ఆదేశం ఇస్తుంది. కలెక్టరు 60 రోజుల్లో పంచాలి. ఆ 60 రోజులు చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆస్తి లాక్కోవడానికి గడువులు పెట్టిన చట్టాలు ఉన్నాయి గానీ, బాధితుడికి ఇవ్వడానికి గడువు పెట్టడం అరుదు.

అదే సెక్షన్ భయం కూడా కలిగిస్తుంది. నష్టపోయినవాళ్లెవరూ లేకపోయినా, వాళ్లకు పంచగా ఏమైనా మిగిలినా, ఆ ఆస్తి ప్రభుత్వానికి పోతుంది. శిక్ష పడిన తర్వాతే అని అందులో ఎక్కడా లేదు. రేపు కేసు కొట్టేస్తే ఆస్తి ఎలా తిరిగి రావాలో ఆ సెక్షన్‌లో లేదు. బిహార్ 2009లో చేసిన ప్రత్యేక కోర్టుల చట్టం అవినీతి అధికారుల ఆస్తిని తీర్పు రాకముందే స్వాధీనం చేసుకోనిస్తుంది. పట్నాలో ఒక ఐఏఎస్ అధికారి ఇంటిని 2011లో అలాగే తీసుకుని పేద పిల్లల బడి పెట్టారు. సుప్రీంకోర్టు 2015లో ఆ పద్ధతిని సమర్థించింది. కానీ ఆ చట్టంలో కనీసం, నిందితుడు బయటపడితే ఆస్తి తిరిగి ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ధర కట్టి ఏటా 5 శాతం వడ్డీతో చెల్లించాలి అన్న నిబంధన ఉంది. దేశం మొత్తానికీ వర్తించే కొత్త చట్టంలో అలాంటి ఒక్క వాక్యం లేకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2015 జనవరి నుంచి 2025 జూన్ వరకు ఈడీ దర్యాప్తుకు తీసుకున్న మనీలాండరింగ్ కేసులు 5,892 అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. శిక్షలు పడిన తీర్పులు 8, శిక్ష పడినవాళ్లు 15 మంది. విచారణ పూర్తయిన కేసుల్లో శిక్షల శాతం 90కి పైనే అని ఈడీ అంటుంది. అదీ నిజమే కావచ్చు, కానీ పూర్తయినవే ఆ కాసిని. మిగతా వేల కేసుల్లో తీర్పు లేదు, వాటిలో చాలా చోట్ల ఆస్తులకు తాళం మాత్రం ఉంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు మనీలాండరింగ్ చట్టాన్ని దాదాపు మొత్తంగా సమర్థించినప్పుడు కూడా రెండు మాటలు చెప్పింది. ఆ సొమ్ము తెచ్చిపెట్టిన అసలు నేరంలో నిర్దోషిగా తేలితే మనీలాండరింగ్ కేసు నిలవదని. తీర్పుకు ముందే ఆస్తిని స్వాధీనం చేసుకోవడం అరుదైన సందర్భాల్లోనే జరగాలని. ఆ రెండో మాటను ఇంకా గట్టిగా, చట్టంలోనే రాసి ఉండాల్సింది.

ఇందులో రాజకీయం గురించి ఎక్కువ రాయను. మన రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీవాళ్లను అడిగినా ఎదుటి పార్టీ నాయకుడి ఆస్తి అటాచ్ అయితే న్యాయం, తమవాడిది అయితే కక్ష అంటారు. తీర్పు దాకా ఆగాలన్న నియమం ఉంటే ఇద్దరికీ అదే రక్షణ.

స్టేషన్ ఆవరణలో వ్యాను

పెద్ద అంకెల మధ్య చిన్నవాళ్లు నలిగిపోవడం నేను దగ్గర నుంచి చూశాను. మా వీధి చివర ఉండే ఒకతను ఫైనాన్స్‌లో వ్యాను తీసుకుని కూరగాయల కిరాయిలకు తిప్పేవాడు. జ్వరం వచ్చి వారం పడుకుంటే తెలిసిన కుర్రాడికి బండి ఇచ్చాడు. కూరగాయల ట్రేల కింద గంజాయి దొరికింది. కుర్రాడు జైలుకు, బండి స్టేషన్‌కు. ఇతని మీద కేసు లేదు. అయినా బండి రాలేదు. ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. ఎండకి ఎండి, వానకి తడిసి, టైర్లు కుంగిపోయి, బ్యాటరీ ఎవరో పట్టుకుపోయి, ఆ బండి కోర్టు ఉత్తర్వుతో చివరికి బయటికొచ్చేసరికి తూకానికి అమ్మాల్సిన స్థితికి వచ్చింది. ఇప్పుడతను ఇంకొకరి దగ్గర డ్రైవరు.

ఏ స్టేషన్ ముందు నుంచి వెళ్లినా తుప్పుపట్టిన బళ్ల వరసలు కనిపిస్తాయి కదా. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, బళ్లను స్టేషన్లలో కుళ్లబెట్టకండి, ఫోటోలు తీసుకుని పూచీకత్తు మీద ఇచ్చేయండి అని. 2025 జనవరిలో అస్సాం లారీ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. లారీ ఎక్కిన ఒక ప్రయాణికుడి దగ్గర హెరాయిన్ దొరికింది, ఓనరుకు ఏ పాపం తెలియదు. మాదకద్రవ్యాల కేసైనా సరే, అలాంటి ఓనరుకు బండి మధ్యంతరంగా ఇవ్వవచ్చని ఆ తీర్పు. స్టేషన్‌లో కుళ్లిన బండి ఓనరుకూ దక్కదు, ప్రభుత్వానికీ దక్కదు. అంత వృథా ఏ నేరాన్నీ ఆపదు.

ఆఫీసులో నా సహోద్యోగిది ఇంకో రకం బాధ. ఒక వెంచర్‌లో ప్లాటు కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది, పూర్తి డబ్బు బ్యాంకు ద్వారానే కట్టాడు. కొన్నేళ్లకు అమ్మబోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కుదరదన్నారు. వెంచర్ వేసిన కంపెనీ మీద కేసు, సర్వే నంబర్లన్నీ కలిపి అటాచ్. ఇలాంటి కొనుగోలుదారు తన హక్కు చెప్పుకోవచ్చని చట్టం అంటుంది. మనీలాండరింగ్ కేసైతే అటాచ్‌మెంట్‌ను ఖరారు చేసే అడ్జుడికేటింగ్ అథారిటీ ముందు చెప్పుకోవాలి, అది ఉన్నది ఢిల్లీలో. నూట యాభై గజాల ప్లాటు కోసం ఢిల్లీలో లాయర్ని పెట్టుకోగలిగేవాడు ఎవరు? అటాచ్ చేసిన రోజే ఆ సర్వే నంబర్లలో రిజిస్టరైన కొనుగోలుదారులందరికీ దర్యాప్తు సంస్థే నోటీసు పంపి, ఆ జిల్లా కోర్టులోనే వాళ్ల మాట వినే ఏర్పాటు ఉండాలి. పేర్లు, అడ్రసులు, ఆధార్ నంబర్లు అన్నీ రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లోనే ఉన్నాయి.

లాక్కున్న చేతికే దక్కితే

అమెరికాలో జప్తు చట్టం ఎటు పోయిందో చూస్తే నాకు భయమేస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో జప్తు చేసిన సొమ్ములో పెద్ద వాటా జప్తు చేసిన పోలీసు శాఖకే వెళుతుంది. మనిషి మీద కేసు లేకుండా వస్తువు మీదే కేసు వేయవచ్చు. ఇండియానాలో టైసన్ టింబ్స్ అనే అతను కొద్దిపాటి హెరాయిన్ అమ్మి దొరికాడు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు. తండ్రి చనిపోతే వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బుతో కొన్న 42,000 డాలర్ల బండి లాక్కున్నారు. జరిమానాలు మితిమీరకూడదన్న రాజ్యాంగ రక్షణ రాష్ట్రాలకూ వర్తిస్తుందని 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర జప్తు సొమ్ము ఈడీకో పోలీసులకో కాక ప్రభుత్వానికి వెళుతుంది. ఈ ఒక్క విషయంలో మనది మెరుగైన ఏర్పాటు. పట్టుకున్న శాఖకే జప్తు సొమ్ములో వాటా ఇద్దాం అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే దాన్ని మొదట్లోనే ఆపాలి.

ఇటలీ ఇంకో దారి చూపించింది. మాఫియా ఆస్తుల జప్తుకు చట్టం కావాలని పోరాడిన పార్లమెంటు సభ్యుడు పియో లా తొర్రేను 1982లో పలెర్మోలో కాల్చి చంపారు. అదే ఏడాది చట్టం వచ్చింది. 1996లో పౌరుల సంతకాల ఉద్యమం తర్వాత ఇంకో చట్టం తెచ్చి, జప్తు చేసిన ఇళ్లూ పొలాలూ స్థానిక సంస్థలకు, సహకార సంఘాలకు ఇవ్వడం మొదలుపెట్టారు. సిసిలీలో మాఫియా పెద్దల పొలాల్లో ఇప్పుడు సహకార సంఘాలు గోధుమ, ద్రాక్ష పండిస్తున్నాయి. అక్కడా చాలా ఆస్తులు వాడకం లేకుండా పడి ఉన్నాయి, అంతా సవ్యంగా ఉందని చెప్పను. కానీ లాక్కున్నది ఆ నేరం వల్ల పాడైన ఊరికే చేరాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది.

గంజాయి దిగే మన ఏజెన్సీకి, అంటే గిరిజనుల కొండ ప్రాంతానికి, ఇది సరిగ్గా సరిపోతుంది. గంజాయి డబ్బుకు బాండు పట్టుకుని ఎదురుచూసే డిపాజిటరు లేడన్నాను. నిజానికి బాధితులున్నారు, వాళ్ల చేతిలో కాగితం లేదు, అంతే. గంజాయి తోటలు నరికేస్తే చేతిలో పంట లేకుండా మిగిలిన గిరిజన రైతు, జైల్లో ఉన్న కొడుకు కోసం విశాఖ బస్సెక్కే తల్లి, మత్తుకు అలవాటుపడిన కాలేజీ కుర్రాడు. పెట్టుబడిదారుకు శిక్ష పడి అతని విశాఖ ఫ్లాటో, హైదరాబాద్ స్థలమో వేలం వేస్తే వచ్చే డబ్బు ఖజానా సముద్రంలో కలవకుండా, పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఆ మండలాలకే కాఫీ, మిరియాల మొక్కలకూ, కూలీలుగా ఇరుక్కున్నవాళ్లకు లాయర్ల ఖర్చుకూ, డీఅడిక్షన్ కేంద్రాలకూ కేటాయించాలి. దీనికి కేంద్ర చట్టం మారేదాకా ఆగక్కర్లేదని నా అభిప్రాయం. జప్తు ద్వారా ఎంత వచ్చిందో లెక్కగట్టి, అంత మొత్తం బడ్జెట్‌లో ఆ మండలాల పేరు మీద పెట్టడం రాష్ట్రం చేయగల పనే.

ఇక డిపాజిట్ కేసుల విషయంలో నేను అడిగేది ఇంకా చిన్నది. అటాచ్ చేశామని ప్రెస్ నోట్ ఇచ్చే ప్రతి సంస్థా, ఆ కేసు పేరు మీద ఒక పేజీ అందరికీ కనబడేలా ఉంచాలి. ఏ ఆస్తి, ఏ ఊళ్లో, విలువ కట్టారా, వేలం ఎప్పుడు, ఇప్పటిదాకా ఎంతమందికి ఎంత చేరింది. మూడు నెలలకోసారి ఆ అంకెలు మార్చాలి. 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి లోక్‌సభలో 22,280 కోట్ల ఆస్తుల్ని ఈడీ హక్కుదారులకు తిరిగి ఇప్పించిందని చెప్పారు. అందులో 14,131 కోట్లు విజయ్ మాల్యా కేసు ఒక్కదానివే, బ్యాంకులకు వెళ్లాయి. బ్యాంకుల వెనక లాయర్లున్నారు, ఫైళ్లు కదిలించే అధికారులున్నారు. 107వ సెక్షన్ కింద కలెక్టరుకు ఇచ్చిన 60 రోజుల గడువు మొదలవ్వాలంటే ముందు పోలీసు కోర్టుకు వెళ్లాలి, బాధితుల జాబితా సిద్ధంగా ఉండాలి. ఆ జాబితా ఎఫ్ఐఆర్ నమోదైన మొదటి ఆరు నెలల్లోనే ఊరూరా గ్రామ, వార్డు సచివాలయాల్లో తయారు చేయించవచ్చు. బాండ్లు ఒక్కసారి చూసి, స్కాన్ చేసి, రసీదు ఇచ్చేస్తే చాలు, మళ్లీ మళ్లీ జిరాక్సులు అడగాల్సిన పని ఉండదు.